ఇంటి లేత్ మీద చిన్న ఇత్తడి సామాన్లు: నాబ్‌లు, థంబ్ స్క్రూలు, గుండు పిడులు, వాషర్లు

కొత్తమర
చెక్క పెట్టెలకు, సొరుగులకు కావలసిన ఇత్తడి సామాన్లు ఇంటి లేత్ మీదే చేసుకుందామని మొదలుపెట్టాను. మెషిన్ చిన్నదే. స్వింగ్ (పట్టే ముక్క గరిష్ఠ వ్యాసం) 180 మి.మీ., సెంటర్ల మధ్య (పట్టే పొడవు) 350 మి.మీ., గరిష్ఠ వేగం 2500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు), త్రీ జా చక్ (ముక్కను మూడు దవడలతో పట్టే బిగింపు). చేయాల్సినవి: 16 మి.మీ. సొరుగు నాబ్‌లు (వెనక ఎం4 మర, అంటే 4 మి.మీ. స్క్రూ చుట్లు), నర్లింగ్ (వేళ్ల పట్టు కోసం చక్రాలతో నొక్కే గరుకు గీతలు) ఉన్న ఎం4 థంబ్ స్క్రూలు, 12 మి.మీ. గుండు తల ఉన్న పిడులు, 0.8 మి.మీ. మందం వాషర్లు.

ఇబ్బంది ఎక్కడంటే: 5 మి.మీ. డ్రిల్ ఇత్తడిలోకి దిగగానే తనంతట తానే లోపలికి లాక్కుపోతోంది, ఒక్కోసారి డ్రిల్ చక్ టెయిల్‌స్టాక్ (చక్‌కు ఎదురుగా బెడ్ మీద జరిగే భాగం) టేపర్‌లోంచి (వాలు రంధ్రంలోంచి) ఊడి వస్తోంది. నర్లింగ్ చేస్తే పొట్టు లేస్తోంది. నాబ్‌ను తిప్పి పట్టి రెండో వైపు చేయబోతే మొదటి వైపు చక్ జాస్ అచ్చులు పడుతున్నాయి. స్టీలుకు వాడే టూల్స్‌నే వాడుతున్నాను. ఎక్కడి నుంచి సరిచేసుకోవాలి?

రజనుపొడి
ముందు రాడ్ ఏదో తేల్చుకోండి. లేత్ పనికి పనికొచ్చేది ఫ్రీ కటింగ్ ఇత్తడి. సీ360, సీజెడ్121, సీడబ్ల్యూ614ఎన్ అని అమ్మేవన్నీ ఆ కోవలోవే. రాగి సుమారు 60 శాతం, సీసం సుమారు 3 శాతం, మిగతాది జింకు. ఆ సీసం వల్లే రజను పొట్టిగా తెగి సూదుల్లా రాలుతుంది. మీ రాడ్ నుంచి పొడవైన చుట్టలు వస్తున్నాయంటే అది 70/30 (రాగి 70, జింకు 30 శాతం) లాంటి మెత్తటి ఇత్తడి కావచ్చు. అది వంచడానికి మంచిది, లేత్ మీద మాత్రం టూల్‌కి అంటుకుంటూ జిగురుగా వస్తుంది.

ఇక డ్రిల్ సంగతి. మామూలు ట్విస్ట్ డ్రిల్ గాడి వాలు సుమారు 30 డిగ్రీలు. కోసే అంచు దగ్గర అదే పాజిటివ్ రేక్ (అంచు లోహంలోకి దూరేలా ఉండే వాలు) అవుతుంది. స్టీలు ఆ అంచును గట్టిగా వెనక్కి నెడుతుంది కాబట్టి డ్రిల్ అదుపులో ఉంటుంది. ఇత్తడిలో ఆ ఎదురుబలం తక్కువ. అంచు వాలు వెంటే లోపలికి జారి, చెక్కలో స్క్రూ దిగినట్టు దిగిపోతుంది. టెయిల్‌స్టాక్ స్క్రూలో ఎంత లూజు ఉంటే అంత దూరం ఒక్కసారిగా లాగుతుంది. మీ డ్రిల్ చక్ టేపర్ ఊడి రావడానికి కారణం ఇదే, టేపర్‌లో లోపమేమీ ఉండకపోవచ్చు.

చేయాల్సింది: సన్నటి డైమండ్ హోన్ తీసుకుని డ్రిల్ గాడి లోపలి ముఖాన, సరిగ్గా కోసే అంచు దగ్గర, డ్రిల్ నిలువుకు సమాంతరంగా పట్టి నాలుగైదు సార్లు రుద్దండి. అంచు వెంబడి 0.3 నుంచి 0.5 మి.మీ. వెడల్పు చదును పట్టీ మెరుస్తూ కనిపిస్తే చాలు. రెండు అంచులకూ ఒకే వెడల్పు రావాలి, లేకపోతే రంధ్రం పెద్దదవుతుంది. చివరి కోణాన్ని ముట్టుకోవద్దు. ఇలా చేసిన డ్రిల్స్‌ని ఇత్తడికే విడిగా ఉంచండి. స్టీలులో వాడితే ఆ పదును నిలవదు.

ఇంకొకటి. 2 మి.మీ., తర్వాత 3.5, తర్వాత 5 అంటూ మెట్లుగా పెంచుకుంటూ పోకండి. ఉన్న రంధ్రాన్ని పెద్దది చేసేటప్పుడే డ్రిల్ ఎక్కువగా లాగుతుంది, ఎందుకంటే డ్రిల్ మధ్య భాగం ఇచ్చే నిరోధం అప్పుడు ఉండదు. సెంటర్ డ్రిల్‌తో చిన్న గుంట పెట్టి నేరుగా అసలు సైజుకు వెళ్లండి. 8 మి.మీ. లోపు ఇది హాయిగా నడుస్తుంది. టెయిల్‌స్టాక్ క్విల్ (ముందుకు వచ్చే గొట్టం) లాక్‌ను కొంచెం బిగించి, చేతికి బరువు తెలిసేలా తిప్పండి. రంధ్రం అవతలికి తెగే ముందు చివరి మిల్లీమీటరు దగ్గర ఇంకా జాగ్రత్త.

సమతలం
టర్నింగ్ టూల్‌కూ ఇదే సూత్రం. 8 మి.మీ. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్ తీసుకోండి. పై ముఖం పూర్తిగా చదును, అంటే రేక్ సున్నా. ముందు క్లియరెన్స్ (అంచు కింది భాగం ముక్కకు తగలకుండా ఇచ్చే వాలు) 8 నుంచి 10 డిగ్రీలు, పక్క క్లియరెన్స్ కూడా అంతే. ముక్కు గుండ్రం 0.3 మి.మీ. దగ్గర. గ్రైండర్ మీద ఆకారం తెచ్చి ఊరుకోవద్దు, 1000 గ్రిట్ రాయి మీద అంచును మెరిసేదాకా నూరాలి. స్టీలు కోసి మొద్దుబారిన టూల్ ఇత్తడిని కోయదు, రుద్దుతుంది. అప్పుడు ముక్కపై మబ్బు పట్టినట్టు మచ్చలు వస్తాయి.

వేగం: హెచ్‌ఎస్‌ఎస్‌తో నిమిషానికి 70 మీటర్లు తీసుకుంటే 16 మి.మీ. రాడ్‌కు సుమారు 1400 ఆర్‌పీఎం. 6 మి.మీ.కి లెక్క 3700 దాటుతుంది, మీ మెషిన్ 2500 ఇస్తుంది, అదే పెట్టండి. రఫింగ్‌కు లోతు 0.5 నుంచి 1 మి.మీ., ఫినిషింగ్‌కు 0.1 నుంచి 0.2 మి.మీ., ఫీడ్ చుట్టుకు 0.05 మి.మీ. నూనె, కూలెంట్ ఏమీ అవసరం లేదు, పొడిగానే కోయండి.

టూల్ ఎత్తు మాత్రం వదిలేయకూడదు. టూల్ కొనకూ రాడ్‌కూ మధ్య సన్నటి స్టీల్ స్కేలు నిలువుగా పెట్టి మెల్లగా నొక్కండి. స్కేలు పై కొస మీ వైపు వాలితే టూల్ కింద ఉన్నట్టు, అవతలికి వాలితే పైన ఉన్నట్టు. లావు రాడ్ మీద కొద్ది తేడా తెలియదు. 4 మి.మీ. కాడ మీద 0.1 మి.మీ. ఎత్తు తేడా అంటే దాదాపు 3 డిగ్రీల రేక్ మారిపోయినట్టే.

మెరుగుపట్టు
సమతలం గారూ, సున్నా రేక్ గురించి ఒక మాట. డ్రిల్‌కు, వెడల్పాటి ఫామ్ టూల్‌కు (తన ఆకారాన్నే ముక్క మీద కోసే టూల్), బోరింగ్‌కు (రంధ్రం లోపలి కోత) ఒప్పుకుంటాను. మామూలు బయటి టర్నింగ్‌కు మాత్రం అది తప్పనిసరి కాదు. అల్యూమినియం కోసం వచ్చే కోటింగ్ లేని, పాలిష్ చేసిన సీసీజీటీ ఇన్సర్ట్‌లకు (టూల్ కొసకు బిగించి మార్చుకునే కోత ముక్కలు) బాగా పాజిటివ్ రేక్ ఉంటుంది. వాటితో ఇత్తడి అద్దంలా వస్తుంది. లోతు 0.5 మి.మీ. దాటనివ్వకుండా, క్రాస్ స్లైడ్ (టూల్‌ను అడ్డంగా జరిపే భాగం) గిబ్ (దాని లూజు తీసే పట్టీ) బిగువుగా ఉంటే లాగడం ఉండదు.

సమతలం
గిబ్ బిగువుగా ఉంటే అన్నారు, నిజం. కానీ చిన్న మెషిన్లలో క్రాస్ స్లైడ్ నట్ లూజు చాలామందికి 0.2 మి.మీ. పైనే ఉంటుంది. టూల్ లాగిందంటే అంత లోతు ఒక్కసారిగా పెరుగుతుంది. అడిగినవారు ఇప్పుడే మొదలుపెడుతున్నారు, అందుకే సున్నా రేక్ సురక్షితం అన్నాను. లూజు సరిచేసుకున్నాక మీ ఇన్సర్ట్ పద్ధతికి నా అభ్యంతరం లేదు.

మెరుగుపట్టు
సరే, అది న్యాయమే. ఫినిషింగ్ కోత ఒక్కదానికే ఇన్సర్ట్ వాడుకోమంటాను.

మూడోచెయ్యి
చక్ అచ్చుల సమస్యకు జవాబు పట్టులో కన్నా పని వరుసలో ఉంది. ఒక్క పట్టులో ఎంత పూర్తవుతుందో అంతా పూర్తిచేసి, రెండో పట్టు మర మీద పెట్టుకుంటే జాస్ అసలు నాబ్‌ను ముట్టుకోవు. 16 మి.మీ. నాబ్, ఎత్తు 18 మి.మీ., మెడ 8 మి.మీ., పీట (చెక్కకు ఆనే అడుగు) 11 మి.మీ. అనుకుందాం.

రాడ్ చక్ బయటికి 26 మి.మీ. ఉండేలా పట్టండి. నాబ్ వెనక భాగం టెయిల్‌స్టాక్ వైపు రావాలి. ఫేసింగ్ (కొస ముఖాన్ని చదును చేయడం), సెంటర్ డ్రిల్, తర్వాత 3.3 మి.మీ. డ్రిల్ 13 మి.మీ. లోతుకు. 3.4 వాడినా ఇత్తడిలో మర బలం తగ్గినట్టు తెలియదు, ట్యాప్ (రంధ్రం లోపల మర కోసే పనిముట్టు) మాత్రం తేలిగ్గా తిరుగుతుంది. రంధ్రం మూతిని 90 డిగ్రీల కౌంటర్‌సింక్‌తో 4.3 మి.మీ. దాకా విప్పండి. ఈ చిన్న పని మానేస్తే మొదటి మర చుట్టు పైకి ఉబ్బి, నాబ్ చెక్క మీద ఆనకుండా ఊగుతుంది.

ట్యాపింగ్‌కు మెషిన్ ప్లగ్ తీసేయండి. ట్యాప్‌ను డ్రిల్ చక్‌లో పట్టి, టెయిల్‌స్టాక్‌ను బెడ్ మీద లాక్ చేయకుండా వదిలి, ఒక చేత్తో చక్ తిప్పుతూ ఇంకో చేత్తో టెయిల్‌స్టాక్‌ను ముందుకు తోయండి. మొదటి ట్యాప్, రెండోది, చివర అడుగు ట్యాప్. ఇత్తడి పొడి రంధ్రం అడుగున గట్టిపడుతుంది, మూడో ట్యాప్‌కు ముందు దాన్ని తీసేయాలి. తీయకుండా తిప్పితే ఎం4 ట్యాప్ అక్కడే విరుగుతుంది. మర 10 మి.మీ. లోతు వస్తే చాలు.

ఇప్పుడు వెనక ముఖాన్ని మధ్య నుంచి మొదలుపెట్టి, పీట అంచు పడే చోటుకు 1.5 మి.మీ. లోపలి దాకా 0.2 మి.మీ. గుంట చేయండి. చెక్క ఎప్పుడూ పూర్తి చదునుగా ఉండదు. ముఖం చదునుగా ఉంటే నాబ్ మధ్యలో ఆని అంచున సందు కనిపిస్తుంది. గుంట ఉంటే అంచు చుట్టూ ఆనుతుంది.

పీటను 11 మి.మీ.కి, 2 మి.మీ. పొడవున తిప్పి, మెడను 3 మి.మీ. వ్యాసార్ధం ఉన్న గుండ్రటి టూల్‌తో 8 మి.మీ.కి దించండి. 18.5 మి.మీ. దగ్గర పార్టింగ్ (బ్లేడుతో ముక్కను తెగకోయడం).

నాబ్‌లన్నీ ఇంతవరకు చేసి పెట్టుకోండి. ఆ తర్వాత 12 మి.మీ. స్టీల్ రాడ్ చక్‌లో పట్టి చివర 8 మి.మీ. పొడవున ఎం4 మర తీయండి, మర మొదట్లో చిన్న అండర్‌కట్ (గాడి), భుజం ముఖం చదునుగా. దాన్ని చక్‌లోంచి తీయకుండానే నాబ్‌లను ఒక్కొక్కటీ దాని మీద బిగించి ముందు వైపు గుండ్రం చేయండి. చక్ ఎంత వంకరగా పట్టినా, అక్కడే తిప్పిన భుజం కాబట్టి నాబ్ నిక్కచ్చిగా తిరుగుతుంది. కోత బలం నాబ్‌ను ఇంకా బిగిస్తుంది, ఊడదు. అంతగా బిగిసి తర్వాత రాకపోతుందేమో అనుకుంటే మధ్యలో కాగితం వాషర్ ఒకటి పెట్టండి. చక్‌ను రివర్స్‌లో తిప్పి ఎమరీ పట్టకండి, నాబ్ విప్పుకుని ఎగిరిపోతుంది.

కొత్తమర
మూడోచెయ్యి గారూ, పార్టింగ్ దగ్గర మధ్యలో ఒక బొడిపె మిగులుతోంది, అది నాబ్ వైపే ఉంటోంది. బ్లేడు 2 మి.మీ.

మూడోచెయ్యి
బ్లేడు కొనను 5 డిగ్రీల వాలుగా నూరండి. తెగి పడే ముక్క వైపు, అంటే కుడి మూల, ముందుకు ఉండాలి. అప్పుడు ముక్క ముందు తెగి, బొడిపె రాడ్ వైపు మిగులుతుంది. 16 మి.మీ. లోపు వ్యాసాలకు ఇది బాగుంటుంది. ఇంతకన్నా లావు రాడ్‌లో వాలు ఉన్న బ్లేడు లోతుకు పోయేకొద్దీ పక్కకు వంగి, ముఖం గిన్నెలా వస్తుంది. అక్కడ చదును కొననే వాడి బొడిపెను తర్వాత ఫేసింగ్‌లో తీసేయాలి. వేగం 600 దగ్గర పెట్టండి, క్యారేజీ (టూల్‌ను మోస్తూ బెడ్ మీద జరిగే భాగం) లాక్ చేయండి, బ్లేడు పొడుచుకు వచ్చింది రాడ్ వ్యాసార్ధం కన్నా 2 మి.మీ. మించకూడదు.

చక్కీగీత
నర్లింగ్ పొట్టు లేవడం మీద. ఫ్రీ కటింగ్ ఇత్తడి పెద్దగా సాగదు. ఒకే చోట చక్రాలు మళ్లీ మళ్లీ తిరిగితే పైపొర గట్టిపడి రేకుల్లా ఊడుతుంది. మెల్లగా మొదలుపెట్టి కొద్దికొద్దిగా లోతు పెంచడమే చాలామంది చేసే పొరపాటు. మొదటి చుట్టులోనే గట్టిగా దించాలి. 150 ఆర్‌పీఎం, నూనె పుష్కలంగా, మొత్తం 15–20 చుట్లలో పని ముగిసిపోవాలి. రాలే పొడిని బ్రష్‌తో, నూనెతో కడుగుతూ ఉండాలి. అది చక్రం కింద పడితే మళ్లీ ముక్కలోకే అణుగుతుంది.

రెండు చక్రాలు పైనా కిందా పట్టే కత్తెర రకం హోల్డర్ వాడండి. ఒక వైపు నుంచి నెట్టే రకం చిన్న లేత్ స్పిండిల్ బేరింగుల మీద బరువు వేస్తుంది, సన్నటి రాడ్‌ను వంచుతుంది.

వ్యాసం లెక్క కూడా చూడాలి. చుట్టుకొలతలో పళ్లు పూర్ణసంఖ్యలో పట్టాలి, లేకపోతే రెండో చుట్టులో పళ్లు పాత గీతల మధ్య పడి గీతలు రెట్టింపవుతాయి. చక్రం వ్యాసాన్ని దాని పళ్ల సంఖ్యతో భాగించండి. ఉదాహరణకు 20 మి.మీ. చక్రం, 60 పళ్లు అయితే పన్నుకు 0.333 మి.మీ. వ్యాసం. ముక్క వ్యాసం దీనికి గుణిజంగా ఉండాలి: 35 పళ్లకు 11.67 మి.మీ., 36 పళ్లకు సరిగ్గా 12. ఎక్కడున్నా మహా అయితే 0.33 మి.మీ. తీస్తే లెక్క కుదురుతుంది. నిలువు గీతలకైనా డైమండ్ గీతలకైనా ఈ లెక్క పనిచేస్తుంది, ఎందుకంటే వాలు ఎంతన్నది చక్రం వ్యాసంలోనే కలిసి ఉంది.

థంబ్ స్క్రూ చేసేటప్పుడు నర్లింగే ముందు. 4 మి.మీ. కాడ తిప్పేశాక నర్లింగ్ చేయబోతే కాడ దగ్గర వంగుతుంది. వరుస ఇది: 12 మి.మీ. రాడ్‌ను 11.67కు తిప్పి, తల రెండు అంచులకు 0.5 మి.మీ. చాంఫర్ (మూలను వాలుగా కోయడం), నర్లింగ్, మళ్లీ చాంఫర్ సరిచేయడం, ఆ తర్వాత కాడ.

సన్నమర
కాడ మీద మరకు: వ్యాసం 4.00 వద్దు, 3.92 నుంచి 3.95 మధ్య ఉంచండి. డై (కాడ మీద మర కోసే పనిముట్టు) లోహాన్ని కోయడమే కాదు, కొంత పైకి నెడుతుంది కూడా. పూర్తి 4 ఉంటే మర శిఖరాలు చిరుగుతాయి. కాడ కొసకు 45 డిగ్రీల చాంఫర్, కొన 3 మి.మీ. దాకా. తల మొదట్లో 1 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. వ్యాసం దాకా అండర్‌కట్.

డైని టెయిల్‌స్టాక్ డై హోల్డర్‌లోనే పట్టండి, చేత్తో పట్టే హ్యాండిల్‌తో ఇంత సన్న కాడ మీద మర వంకర పోతుంది. డై స్క్రూ కొద్దిగా విప్పి మొదటిసారి, బిగించి రెండోసారి. భుజం దాకా మర కావాలంటే చివరిసారి డైని తిరగేసి పెట్టండి. ఇత్తడికి పదునైన డై విడిగా ఉంచుకోవాలి, స్టీలుకు వాడిన డై మరను పీకుతుంది.

తల ముందు ముఖం పూర్తి చేయడానికి ఎం4 మర ఉన్న చీలిక బుష్ చేసుకోండి. 12 మి.మీ. ఇత్తడి ముక్క, మధ్యలో ఎం4 మర, ఒక పక్క రంపంతో నిలువుగా ఒక్క కోత. స్క్రూను అందులో బిగించి బుష్‌ను చక్‌లో పట్టండి. బుష్ మీద ఒకటో నంబరు జా ఎక్కడ ఆనాలో గుర్తు పెట్టుకుంటే ప్రతిసారీ ఒకే చోట పడుతుంది.

కొత్తమర
గుండు తల ఎలా? బాల్ టర్నింగ్ అటాచ్‌మెంట్ లేదు.

మూడోచెయ్యి
పార్టింగ్ బ్లేడుతో మెట్లు కోసి ఆకురాయితో కలపడమే. లెక్క: కొస నుంచి x దూరంలో వ్యాసం = 2 × వర్గమూలం (2Rx − x²). 12 మి.మీ. గుండుకు R = 6.

x 0.5 → 4.80
x 1 → 6.63
x 2 → 8.94
x 3 → 10.39
x 4 → 11.31
x 5 → 11.83
x 6 → 12.00

కుడి సగంలో బ్లేడు ఎడమ మూల x దగ్గర ఉండాలి. ఎడమ సగంలో కుడి మూలతో కొలవాలి. చాలా గుండ్లు కోడిగుడ్డులా రావడానికి కారణం ఇక్కడ బ్లేడు వెడల్పు కలపకపోవడమే. 2 మి.మీ. బ్లేడుతో 10.39 వ్యాసం మెట్టు కుడి వైపు 3 దగ్గర వస్తుంది. ఎడమ వైపు అదే మెట్టుకు కుడి మూల 9 దగ్గర ఉండాలి, అంటే ఎడమ మూల 11 దగ్గరికి పోవాలి.

మెడను ముందే దించుకోండి. మెడ 5 మి.మీ. అయితే గుండు పొడవు 12 కాదు, 11.45 మి.మీ. దగ్గర మెడలో కలుస్తుంది. క్రాస్ స్లైడ్ డయల్ వ్యాసం చూపిస్తుందో వ్యాసార్ధం చూపిస్తుందో ముందే చూసుకోండి, రెండు రకాలూ ఉన్నాయి.

మెట్లన్నీ కోశాక మార్కర్‌తో నల్లగా పూయండి. మెట్ల లోపలి మూలలే అసలు గుండు ఉపరితలం. శిఖరాలు ఆకురాయితో అరుగుతూ లోపలి మూలలో సన్నటి నల్లగీత మాత్రం మిగిలేదాకా రండి, ఆ గీతను ఎమరీ తీస్తుంది.

రజనుపొడి
పై మాటకు చేర్పు. ఇత్తడికి కొత్త ఆకురాయి విడిగా ఉంచండి. స్టీలు అరగదీసిన ఆకురాయి ఇత్తడి మీద జారుతుంది. పళ్లలో రజను ఇరుక్కుంటే ముక్క మీద లోతైన గీతలు పడతాయి, సుద్ద రుద్దితే ఇరుక్కోదు. తిరిగే చక్ దగ్గర ఆకురాయి పిడి ఎడమ చేతిలో ఉండాలి, అప్పుడు మోచెయ్యి జాస్ మీదుగా పోదు. పిడి లేని ఆకురాయి వాడొద్దు.

పలకరాయి
వాషర్లకు: 10 మి.మీ. రాడ్, 4.2 మి.మీ. రంధ్రం 25 మి.మీ. లోతుకు ఒకేసారి. 1 మి.మీ. బ్లేడు అయితే వాషర్‌కు 1.8 మి.మీ. చొప్పున క్యారేజీ జరపాలి (0.8 వాషర్, 1 కోత). బయటి అంచును ప్రతి వాషర్‌కూ తెగకముందే ఆకురాయితో ముట్టించండి, తెగాక పట్టుకోవడం కష్టం. టెయిల్‌స్టాక్ డ్రిల్ చక్‌లో 3 మి.మీ. రాడ్ పెట్టి దాని కొస రంధ్రంలో ఉంచితే తెగిన వాషర్లన్నీ దాని మీద దండలా నిలుస్తాయి, రజనులో వెతుక్కోనక్కర్లేదు. లోపలి బర్ (కోత అంచున లేచిన పొట్టు) పోవడానికి అద్దం ముక్క మీద 400 ఎమరీ పరిచి వేలితో నొక్కి రుద్దండి.

అంతకన్నా పల్చనివి, 0.3 మి.మీ. లాంటివి, పార్టింగ్‌తో రావు. రేకును ముక్కలు చేసి, చదును చేసిన రాడ్ ముఖానికి సూపర్ గ్లూతో అంటించి తిప్పాలి. తర్వాత అసిటోన్‌లో నానబెడితే ఊడుతుంది. మంటతో వేడి చేసి ఊడదీసే పద్ధతి కూడా ఉంది కానీ ఆ పొగ కళ్లకు, ఊపిరితిత్తులకు మంచిది కాదు.

కొత్తమర
పెట్టె మడతబందులు కూడా ఇదే రాడ్‌తో చేయొచ్చా?

సన్నమర
గొట్టం ముక్కలు, పిన్ను ఈ రాడ్‌తో చేయండి. రెక్కలకు మాత్రం ఫ్రీ కటింగ్ ఇత్తడి వద్దు, వంచితే మడత దగ్గర పగులుతుంది. 63/37 లేదా 70/30 రేకు తీసుకోండి. గొట్టాన్ని రెక్కకు 55 శాతం సిల్వర్ సోల్డర్‌తో అతికించాలంటే అది 650 డిగ్రీల దగ్గర పారుతుంది, ఫ్రీ కటింగ్ ఇత్తడి 885 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. అంత తేడా ఉన్నా చిన్న ముక్క కాబట్టి మంట ఒకేచోట నిలపొద్దు. తెల్లటి పొగ కనిపిస్తే జింకు మండుతున్నట్టే, మంట తీసేసి గాలి ఆడేలా చూసుకోండి.

మెరుగుపట్టు
పాలిష్: లేత్ మీదే 400, 600, 800, 1200. ప్రతి అంచెలో ముందటి గీతలు పూర్తిగా పోయాకే తర్వాతిది. ఎమరీని వేలికి చుట్టుకోవద్దు, పొడవు పట్టీని రెండు కొసలూ పట్టి, ముక్క చుట్టూ పూర్తిగా తిప్పకుండా ఆనించండి. గుడ్డ అసలే వద్దు, చక్ పట్టేసిందంటే చెయ్యి కూడా పోతుంది. చేతి తొడుగులూ అంతే. ఇత్తడి రజను సన్నటి సూదుల్లా దూరం ఎగురుతుంది కాబట్టి కళ్లద్దాలు తప్పనిసరి. ఊదకండి, బ్రష్‌తో తుడవండి. సీసం ఉన్న రజను కనుక పని అయ్యాక చేతులు కడుక్కునే ఏదైనా తినాలి, తాగాలి.

చక్కీగీత
పాతబడిన రంగు కావాలనుకునేవాళ్లు మూత ఉన్న డబ్బాలో అమ్మోనియా ఆవిరి పట్టిస్తారు. లేత్ మీద కోసిన నాబ్‌లకు అది ఫర్వాలేదు. వంచిన మడతబందు రెక్కలకు, అచ్చులో నొక్కి కుదించిన ముక్కలకు మాత్రం వద్దు. లోపల మిగిలిన ఒత్తిడి, అమ్మోనియా కలిస్తే ఇత్తడి దానంతటదే పగులుతుంది. బ్రిటిష్ పాలనలో భారతదేశంలో వానాకాలం నిల్వ ఉంచిన ఇత్తడి తూటా గొట్టాలు ఇలాగే పగిలేవి, గుర్రపు శాలల నుంచి వచ్చే అమ్మోనియానే కారణమని తర్వాత తేలింది. తప్పదంటే ముందు 250–300 డిగ్రీల దగ్గర ఒక గంట వేడి చేసి ఒత్తిడి తీసేయండి.

కొత్తమర
మెరుపు నిలవాలంటే లక్కర్ వేస్తే చాలా? వేలిముద్రలు లోపలే నల్లగా కనిపిస్తున్నాయి.

మెరుగుపట్టు
పాలిష్ తర్వాత చేత్తో ముట్టారు కాబట్టే. పాలిష్‌లో ఉండే మైనం, నూనె పోయేలా అసిటోన్‌తో రెండుసార్లు కడిగి, రెండోసారి కొత్త గుడ్డ వాడండి. ఆ క్షణం నుంచి నాబ్‌ను వెనక మరలో దూర్చిన ఎం4 బోల్టుతోనే పట్టుకోవాలి. అదే గంటలో రెండు పల్చటి పొరలు వేయండి, మందంగా ఒక పొర వేస్తే అంచుల దగ్గర జారి గడ్డ కడుతుంది. రోజూ చేతులు తగిలే నాబ్‌కు లక్కర్ కొన్నేళ్లకు అంచుల దగ్గర అరిగి మచ్చలు మచ్చలుగా నల్లబడుతుంది, అప్పుడు మొత్తం తీసి మళ్లీ వేయక తప్పదు. అలాంటి చోట లక్కర్ లేకుండా మైనం పూసి వదిలేయడమే నయం.

పలకరాయి
ఒకటి మిగిలింది, స్క్రూ పొడవు. సొరుగు ముందు పలక 18 మి.మీ., వెనక వాషర్ 0.8 మి.మీ. అయితే 25 మి.మీ. ఎం4 స్క్రూ నాబ్‌లోకి 6.2 మి.మీ. పోతుంది. ఇత్తడిలో వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, అంటే 6 మి.మీ., మర పట్టాలి కాబట్టి సరిపోయింది. 30 మి.మీ. స్క్రూ పెడితే 11.2 మి.మీ. పోవాలి, మీ మర లోతు 10 మాత్రమే. స్క్రూ అడుగున తగిలి బిగిసినట్టే ఉంటుంది, నాబ్ మాత్రం పలక మీద వదులుగా తిరుగుతుంది.